బావిలో ఆగిపోయిన పాఠం

పొద్దున్నే బావి దగ్గర మొదటి బొక్కెన ముత్తక్కదే. గిలక కిర్రుమనగానే, చచ్చిపోయి పన్నెండేళ్ళయిన ఆమె అత్త గొంతు నీళ్ళతోపాటు పైకొస్తుంది.

"ఒసేయ్, కడవ సక్కగ తోమినవా లేదా?"

"తోమిన అత్తా, సూడరాదు" అని ముత్తక్క కడవ వంచి చూపిస్తుంది. వెనక నిలబడ్డవాళ్ళు తమ వంతు ఎప్పుడా అని చూస్తారు తప్ప ఎవరూ నవ్వరు. పర్ణశాల దారిలో ఉన్న ఆ ఊళ్ళో బావి సంగతి అంతే మరి. గట్టుమీద వంగి ఏ మాటన్నా లోపలికి దిగిపోతుంది. ఏ ఏటికో, ఎవరి బొక్కెనలోనో తిరిగొస్తుంది. తిరిగి రాకూడని మాటలుంటే జనం ఇంట్లోనే మాట్లాడుకుంటారు.

నల్లాలు వచ్చాక బావికి జనం తగ్గారు. ఈ ఏడు గోదారి పొంగి పైపులు కొట్టుకుపోయేసరికి అందరూ మళ్ళీ చేంతాళ్ళు వెతుక్కున్నారు. వరద నీళ్ళు బావి గట్టు దాకా వచ్చిపోయాయి. పది రోజులు తిరక్కుండానే పిల్లలకు వాంతులు, విరేచనాలు. దవాఖానా నుంచి ఒకమ్మాయి వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోయింది. రిపోర్టు రావడానికి వారం పడుతుందట. ఈలోగా ఊళ్ళో ఒక మాట పుట్టింది.

"అహ్మద్ పాషా బావిల ఏందో పొడి కలిపిండంట."

అహ్మద్ పాషా కళాయి వేస్తాడు. పెళ్ళి వంటల ఇత్తడి గుండిగల్ని నిప్పుల మీద కాల్చి, నవాసాగరం తెల్లపొడి చల్లి, తగరం పూస్తాడు. పని అయ్యాక బావి దగ్గర చేతులు కడుక్కుంటాడు. వాళ్ళ తాత కూడా అక్కడే కడుక్కున్నాడు. అన్నేళ్ళుగా ఎవరికీ కనబడని తెల్లపొడి ఇప్పుడు అందరికీ కనబడింది. అతను కిరాయికుంటున్న గది జంపయ్యది. "రేపు పొద్దుగాల్ల గది ఖాళీ చెయ్యి భాయ్" అని జంపయ్య చెప్పేశాడు.

పుష్పలత టీచరమ్మకు ఆ మాట విన్నప్పటినుంచి మనసు మనసులో లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఊరి బడిలోనే సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఏ సంగతికైనా మొదలెక్కడో తేలకపోతే ఆమెకు అన్నం సయించదు. పైగా ఈ మాట ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడో మాత్రం గుర్తు రావడం లేదు. చెప్పులేసుకుని బయల్దేరింది.

"నీకెవరు చెప్పారే ముత్తక్కా?"

"కిరాణం పిచ్చయ్య చెప్పిండు టీచరమ్మా."

పిచ్చయ్య తక్కెడ కింద పెట్టాడు. "ఓర్నీ! నాకు చెప్పిందే ముత్తక్క గదా!"

గుండ్రంగా తిరిగే మాటకు కొస ఎక్కడ పట్టుకోవాలి? చివరికి టీచరమ్మ జంపయ్య ఇంటికి వెళ్ళింది. జంపయ్య ఒకప్పుడు ఆమె దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడే.

"ఒగరు చెప్పుడేంది టీచరమ్మా? వేరే దేవుడోళ్ళు బావిల విషం కలుపుతరని నాకు చిన్నప్పటిసంది ఎరుకే."

"ఎవరు చెప్పారురా?"

"యాదికి లేదు. ఎవరో పెద్దోళ్ళే. అబద్ధం చెప్పే మనిషైతే గాదు."

అక్కణ్ణుంచి పాషా గదికి వెళితే, అతను కొలిమి తిత్తిని గోనెలో చుడుతున్నాడు. మూల చాప మీద కూతురు మహీన్ కళ్ళు లోతుకు పోయి పడుకుని ఉంది.

"దీనికేమైంది సఫూరా?"

"అందరి పిల్లలకైందే టీచరమ్మా. మూడు దినాలసంది. మేము గూడ ఆ నీళ్ళే తాగుతున్నం గదా" అంది సఫూరా. "ఎవరడిగిండ్రు మమ్మల్ని?"

టీచరమ్మ మహీన్ నుదురు తాకి చూసి లేచింది. తిరిగొచ్చి జంపయ్య చెయ్యి పట్టుకుంది. "నడు. బావినే అడుగుదాం."

అది న్యాయమే అన్నారు బావి దగ్గర చేరినవాళ్ళంతా. మొదట ఎవరన్నారో బావికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పాషా, సఫూరా కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. జంపయ్య బొక్కెన వేశాడు. మొదటి దాంట్లో ఎవరిదో పాత దగ్గు వచ్చింది. రెండో దాంట్లో ఒక పెళ్ళిపాట ముక్క. మూడో బొక్కెన బరువుగా లేచింది. అందులోంచి ఒక పడుచు గొంతు, చక్కగా విడమరిచి చెబుతోంది.

"ఆరేడు వందల ఏళ్ళ కింద ఐరోపాలో ప్లేగు వచ్చింది పిల్లలూ. అక్కడ యూదులని ఉండేవాళ్ళు. వాళ్ళ ప్రార్థన వేరు, పండుగ వేరు. తమ దేవుణ్ణి చంపించింది వీళ్ళేనని క్రైస్తవ గురువులు తరతరాలుగా చెబుతూ వచ్చారు. చాలాచోట్ల వాళ్ళను భూమి కొననివ్వలేదు, చేతిపనుల సంఘాల్లో చేరనివ్వలేదు. విడిగా ఉండమన్నారు. విడిగా ఉంటే, ఏదో దాస్తున్నారన్నారు. ప్లేగు రాగానే, యూదులు బావుల్లో విషం కలిపారని..."

ఆ గొంతు మీదుగా ణంగుమని బడి ఇనుప గంట మోగింది. తర్వాత వట్టి నీళ్ళ చప్పుడు.

టీచరమ్మ గట్టు పట్టుకుంది. ఆ గొంతు తనదే. జంపయ్య తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు బడి కప్పు కారుతుంటే పిల్లల్ని బావి గట్టు చుట్టూ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. మిగిలింది రేపు చెబుతానంది. మర్నాడు ఎలక్షన్ డ్యూటీ పడింది. వచ్చాక నేరుగా తర్వాతి పాఠమే మొదలుపెట్టినట్టుంది. మిగతా సగం చెప్పాననే ఇన్నాళ్ళూ అనుకుంది. చెప్పిందా, చెప్పాననుకుందా?

జంపయ్య ఆమె వైపు చూడకుండా ఇంకో బొక్కెన తోడాడు. ఈసారి సన్నగా, భయంభయంగా ఒక పిల్లాడి గొంతు వచ్చింది. అందరూ వెళ్ళిపోయాక ఒక్కడే గట్టుమీద వంగి అడిగినట్టుంది.

"టీచర్... నిజంగనే కలిపిండ్రా?"

చేంతాడు జంపయ్య చేతుల్లో ఆగిపోయింది. మీసం నెరిసిన ఆ మొహం ఒక్క క్షణం తొమ్మిదో తరగతి మొహమైంది.

"కలపలేదు నాన్నా" అంది టీచరమ్మ. "కలపలేదు. అదే ప్లేగుతో వాళ్ళూ చచ్చారు. వాళ్ళింట్లో ఎవరికెలా ఉందో ఒక్కరూ అడగలేదు. ఆ మాట నమ్మి ఎన్నో ఊళ్ళల్లో వాళ్ళను తగలబెట్టారు. అయినా ప్లేగు ఆగలేదు. అక్కడ మొదట ఎవరన్నారో నాకు తెలీదురా. ఇక్కడ ఎవరన్నారో నువ్వే విన్నావు."

జంపయ్య బొక్కెన కింద పెట్టి, గబగబా వెళ్ళి బండి స్టార్ట్ చేశాడు.

"సఫూరమ్మా, బిడ్డను పట్కరా. భద్రాచలం దవాఖానాకు పోదాం. జల్దీ!"

సఫూరా గదిలోకి పరుగెత్తింది. ఆమె వెనకే వెళ్ళిన అహ్మద్ పాషా సగం కట్టిన గోనెను విప్పనూ లేదు, కట్టనూ లేదు.

బండి దుమ్ము సర్దుకున్నాక కూడా టీచరమ్మ బావి దగ్గరే ఉంది. ఆ గట్టు చుట్టూ ఎంతమంది కూర్చున్నారు? వాళ్ళంతా ఇప్పుడు ఏ ఊళ్ళల్లో, ఏ బావుల దగ్గర ఉన్నారు? ఎంతకీ లెక్క తేలలేదు. వెనక ముత్తక్క ఖాళీ కడవతో, తొందరపెట్టకుండా నిలబడింది.

టీచరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గట్టుమీద వంగి, పాఠం మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి గంట కొట్టేవాళ్ళెవరూ లేరు.