డెల్ కోసం చేసిన తూటాలు

లార్చ్ చెట్ల సూదులు షెడ్డు రేకుల మీద రాలుతున్నాయి. పసుపు సూదులు. గాలి వస్తే జల్లుగా, గాలి ఆగితే ఒకటొకటిగా...

లోపల నీలి మంట.

మంట ముందు ఒక ఇత్తడి తొడుగు. పేలిన తూటాలో మిగిలేది అదే. గుండు పోతుంది, మందు పోతుంది, తొడుగు మిగులుతుంది. ఆర్విడ్ టోలెఫ్సన్ దాన్ని మంట ముందు మెల్లగా తిప్పుతున్నాడు. కిటికీకి గోనెపట్టా కట్టాడు. చీకట్లో అయితేనే ఇత్తడి రంగు నిజం చెబుతుంది.

తొడుగు మెడ దగ్గర, గుండు కూర్చునే చోట, రంగు కదిలింది.

ఎర్రబడకూడదు. ఎర్రబడబోతోందని అనిపించగానే తియ్యాలి. ఆలస్యమైతే మెడ చచ్చుబడిపోతుంది. తొందరపడితే పెళుసుగానే ఉండిపోయి, ఇంకాస్త వాడగానే చీలుతుంది. ఆ రెంటికీ మధ్య ఒక రెప్పపాటు ఉంది. అది తెలిసినవాడు పనివాడు.

తెలియనివాడు... డెల్.

డెల్ ప్రూయిట్ ఆర్విడ్ చెల్లెలు మార్లిస్ మొగుడు. లోయ నిండా మగవాళ్లుండగా ఆ పిల్లకు దొరికినవాడు. రంపం మిల్లు నడిచినన్నాళ్లు మిల్లులో చేశాడు. ఎండాకాలంలో మిల్లు మూతపడింది. అప్పట్నుంచి నవ్వుతూ తిరుగుతున్నాడు. పని ఉన్నప్పుడూ నవ్వేవాడు. తేడా తెలియని మనిషి.

తూటాలు జేబులో పోసుకుంటాడు. పిప్పరమెంటు బిళ్లలతో కలిపి. తాళంచెవులతో కలిపి. ముక్కు తుడుచుకున్న గుడ్డతో కలిపి.

కొట్లో డబ్బా తూటాలు కొంటాడు. కాల్చిన తొడుగుల్ని గడ్డిలో వదిలేస్తాడు. వెనక్కి తిరిగి చూడడు.

ఆర్విడ్ వెనక్కి తిరిగి చూస్తాడు. ప్రతి తొడుగునూ ఏరుకుంటాడు. కడుగుతాడు. అడుగున ఉన్న గుంటలో మసి గీకుతాడు. నిప్పు దూరే సన్నని రంధ్రం అంచుల్ని లోపలినుంచి నున్నగా చేస్తాడు. మెడ మందం కొలుస్తాడు. ఒక పక్క లావుంటే ఆ పక్క చెక్కుతాడు. చివరికి తూచి, బరువుకు బరువు జత కలుపుతాడు. జత కలవనివి మూలనున్న బకెట్లోకి పోతాయి.

బకెట్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. దాన్ని చూస్తే ఆర్విడ్‌కు ఒకలాంటి తృప్తి.

దేవుడూ ఇలాగే చేస్తాడా... అని ఒకసారి అనుకున్నాడు. ఒక్కొక్కరినీ తూచి, కొలిచి, కొందరిని మూలకి... ఆ ఆలోచన పూర్తి చెయ్యలేదు. అవసరం కనిపించలేదు. తను ఏ పక్కన పడతాడో అతనికి అనుమానం లేదు.

ఆర్విడ్ మాంసం కోసం కాల్చడు. కాగితం మీద కాలుస్తాడు. బల్ల మీద ఇసుక సంచులు, సంచుల మీద తుపాకీ, కళ్లు చికిలించినా కనపడనంత దూరాన కాగితం. గుళ్లన్నీ ఒకే చిల్లులో దూరాలి. వేటగాళ్లంటే అతనికి చిన్నచూపు. వాళ్లకు జంతువు ఒళ్లంతా గురే.

ఆ చిన్నచూపులోనూ డెల్‌ది అట్టడుగు మెట్టు. ఈ ఆకురాలు కాలంలో రెండుసార్లు ఎల్క్ దుప్పి ఎదురుపడింది. రెండుసార్లూ దానికి మంచి జరిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల దగ్గర మార్లిస్ అన్న చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, ఆయనకి నువ్వే తూటాలు చేసిపెట్టాలి."

"తూటాలదేముందే. గురి ఉండాలి కదా."

"ఉన్న మొగుడు ఈయనే. ఈయన చేతే తెప్పించాలి." నవ్వబోయింది. రాలేదు. "ఫ్రీజర్ వైరు పీకేశానన్నయ్యా. ఖాళీది తిప్పడం ఎందుకని. కంపు కొట్టకుండా మూత తెరిచి కట్టె ఆనించాను. పిల్లలు దాంట్లో బొమ్మలు దాచుకుంటున్నారు."

వేట గడువు వచ్చే ఆదివారం దాకా ఉంది. కానీ ఆదివారం వాళ్లిళ్లలో తుపాకీ ముట్టరు. అంటే శనివారమే ఆఖరు.

ఒక్క ఎల్క్ పడితే మంచు కరిగేదాకా ఆ ఇంటికి కూర. పడకపోతే చర్చి వెనక గదిలో లేనివాళ్లకు పంచే అట్టపెట్టెల కోసం వరసలో నిలబడాలి.

ఆ పెట్టెలు పంచే పెద్దమనిషి ఆర్విడే.

"సరే" అన్నాడు. డెల్ కోసం కాదు. డెల్‌కు చూపించడం కోసం.

మర్నాడు డెల్ వచ్చాడు. షెడ్డు తలుపు కాలితో నెట్టాడు. వెలుగుతోపాటు పసుపు సూదులు లోపలికి దూరాయి.

"ఏం బావా, చీకట్లో కూర్చున్నావ్. కరెంటు పోయిందా, మనసు బాగాలేదా?"

"తలుపు వెయ్యి. లోపలుండి వేసినా సరే, బయటుండి వేసినా సరే."

డెల్ లోపలుండే వేశాడు. జేబులోంచి గుప్పెడు తొడుగులు తీసి బల్ల మీద పోశాడు. వాటితో ఒక పిప్పరమెంటూ దొర్లింది.

"నా తుపాకీలో పేలినవే. పాతవాటితోనే చేస్తావని మార్లిస్ అంది. అందుకని గడ్డిలో వెతుక్కొచ్చా. తుపాకీ ట్రక్కులో ఉంది, తేనా?"

ఆర్విడ్ ఒకదాన్ని వేళ్లతో ఎత్తాడు. మసి. మట్టి. ఇంకొకదాని మూతి బూటు కింద నలిగింది. ఇలాంటివి తన బల్ల మీద... చేత్తో ఊడ్చి బకెట్లోకి తోసేశాడు. వాటి చప్పుడు కూడా నాసిరకంగా ఉంది.

"తుపాకీ ఎందుకు? నీదీ నాదీ ఒకటే కొలత. గొట్టం మీద చెక్కి ఉందిగా."

"నీకు తెలియందేముందిలే," అన్నాడు డెల్. పిప్పరమెంటు ఏరుకుని నోట్లో వేసుకున్నాడు. వెళ్లేటప్పుడు తలుపు వెయ్యలేదు.

ఆర్విడ్ లేచి వేశాడు.

తన తొడుగుల్లోంచి మేలైనవి ఏరాడు. తన తుపాకీలో ఎన్నోసార్లు పేలి, ఎన్నోసార్లు మళ్లీ నిండినవి.

పేలినప్పుడు ఇత్తడి ఉబ్బుతుంది. తుపాకీలో తూటా కూర్చునే గది ఉంటుంది. ఆ గది గోడలకు అతుక్కునేదాకా ఉబ్బి, దాని ఆకారమే తన ఆకారం చేసుకుంటుంది. మోటు మనుషులు ఆ తొడుగును మళ్లీ నిలువునా నొక్కి, ఎవరి తుపాకీలోనైనా పట్టేలా చేస్తారు. ఆర్విడ్ అలా చెయ్యడు. గుండును పట్టుకునేంత మేరకు మెడ మాత్రం నొక్కుతాడు. మిగతా ఒళ్లు ముట్టుకోడు. అది తన తుపాకీని గుర్తుపెట్టుకున్న ఒళ్లు. దాన్ని చెరపడం అతనికి పాపంలా తోస్తుంది.

చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మనసు డెల్ మీద ఉంది. తలుపు తన్నిన కాలి మీద. బల్ల మీద దొర్లిన పిప్పరమెంటు మీద. ఆరాధనలో అందరూ తల వంచినప్పుడు ఆవలించే ఆ నోటి మీద.

మెడ కాల్చాడు. మెడ నొక్కాడు. గింజ గింజా తూచి మందు పోశాడు. గుండు కూర్చాడు. వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు. అన్నీ ఒక్కలాగే మెరిశాయి.

ఇంత శ్రద్ధగా ఎవరికోసమూ చెయ్యలేదు. ఇంత అసహ్యంతోనూ చెయ్యలేదు. రెండూ ఒకే చేతిలో ఎలా ఇమిడాయో... అడిగేవాళ్లెవరూ షెడ్డులో లేరు.

శనివారం కొండ మీద మంచు పలుచగా పరుచుకుని ఉంది.

ట్రక్కు ఆపి దిగుతూ డెల్ అలవాటుగా కొట్లో కొన్న తూటాల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ చెత్త ట్రక్కులోనే పడెయ్. నావి చాలు."

"చిత్తం బావా."

ఆర్విడ్ తుపాకీ తెచ్చుకోలేదు. తన పనితనం చూసుకోవడానికి వచ్చాడు. డెల్ ఆర్విడ్ చేసిన తూటాలను తుపాకీ కడుపులో నింపుకుని, పై గది ఖాళీగా ఉంచుకున్నాడు. ఆ కొండల్లో ఎవరూ నిండు గదితో నడవరు.

నడిచారు. డెల్ బూట్ల చప్పుడు. డెల్ ముక్కు చప్పుడు. డెల్ జేబులో తాళంచెవుల చప్పుడు. ఇంత సంతను వెంటేసుకుని వేటకు వచ్చేవాణ్ని ఏమనాలి? ఆర్విడ్ అన్నాడు, లోపల్లోపల, అడుగడుగుకూ.

మధ్యాహ్నం వాలాక, "బావా, ఒక్క నిమిషం," అని డెల్ చెట్టు చాటుకు పోయాడు. అక్కడ కూడా ఈల వేస్తున్నాడు.

ఈల మధ్యలో తెగింది.

చెట్ల అంచున ఎల్క్. మగది. పక్కకు తిరిగి, తల వంచి, మంచు కింది గడ్డి గీరుకుంటూ. గాలి దాని మీంచి వీళ్ల వైపు వీస్తోంది. దాని తడి ఒంటి వాసన కూడా తెలుస్తోంది.

దేవుడు ఇలా కూడా ఇస్తాడా... ఇలాంటివాడికి? బొత్తాలైనా పెట్టుకోకముందే?

డెల్ మోకాలి మీద కూర్చున్నాడు. తూటాను గదిలోకి తోసే బోల్టును వెనక్కి లాగాడు. ముందుకు తోశాడు. గది మూసుకునేలా దాని పిడి కిందికి వంచబోయాడు.

వంగలేదు.

అరచేత్తో నొక్కాడు. వంగలేదు. ఆ తూటా బయటికి లాగి ఇంకొకటి తోశాడు. అదీ అంతే. ఇనుము మీద ఇత్తడి కీచుమంది.

ఎల్క్ తల ఎత్తింది.

చూసింది. తొందరేమీ పడకుండా చెట్లలోకి నడిచి వెళ్లిపోయింది.

"లోపలికి పోవట్లేదు బావా." డెల్ ఇంకా గుసగుసగానే అన్నాడు, అది అక్కడే ఉన్నట్టు. "నేనేమన్నా తిరగేసి పెట్టానా?"

ఆర్విడ్ తూటా అందుకున్నాడు. మెడ కింద, భుజం వంపు మీద, కొత్త గీత మెరుస్తోంది. ఇరుకు గది గీసిన గీత. అది ఏం చెబుతోందో ఆ లోయలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కొలత పేరు ఒకటే. గది వేరు. వెంట్రుకవాసి వేరు.

డెల్ గది ఆకారం ఎక్కించుకున్నవి ఉన్నాయి. మసివి. మట్టివి. బకెట్లో. వాటినైనా ఉంచుకోవచ్చు. తనవే నిలువునా నొక్కనైనా నొక్కచ్చు. తుపాకీ తేనా అన్నప్పుడు తెమ్మని, ఒక్కదాన్ని గదిలో పెట్టి చూడనైనా చూడచ్చు. కొట్టు డబ్బాను వెంట రానిచ్చినా సరిపోయేది.

నోరు తెరిచాడు.

"నీ తుపాకీ లోపలంతా మురికి," అన్నాడు. "తుడిచి ఏడిస్తే కదా."

డెల్ తుపాకీ వైపు చూశాడు. తూటా మీది గీత వైపు చూశాడు.

"అయ్యుంటుంది," అన్నాడు.

ట్రక్కు చేరేసరికి పొద్దు కొండ వెనక్కి దిగింది. పొద్దుతోపాటే గడువూ దిగింది. డెల్ డబ్బా తెరిచి ఒక కొట్టు తూటా తీశాడు. గొట్టాన్ని నేలకు వంచి, తూటా గదిలో పెట్టి, బోల్టు తోసి, పిడి వంచాడు.

టక్.

నూనెలో జారినట్టు.

వెంటనే బయటికి తీసి డబ్బాలో పెట్టేశాడు. ఆర్విడ్ వైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక పని అయినట్టు, జాగ్రత్తగా చేశాడు.

"చలేస్తోంది. పోదాం బావా."

దారి పొడుగునా ఆర్విడ్ డెల్ నోట ఒక మాట కోసం కాచుకున్నాడు. అనాలి కదా. తనైతే అనేవాడు. తనైతే ఏడాది పొడుగునా, పండగ పండక్కీ, చర్చి మెట్లమీద పదిమందిలో అనేవాడు. ఇతనికి ఆ మాత్రం కూడా చాతకాదా? ఒక మనిషి తప్పు చేతికి దొరికితే ఏం చెయ్యాలో కూడా తెలియనివాడు...

డెల్ రేడియో పెట్టాడు.

డెల్ ఇంట్లో వంటగది వెచ్చగా ఉంది. గురువారం కృతజ్ఞతల పండగకి వండిన టర్కీ కోడి ఎముకలతో చారు కాచింది మార్లిస్. పిల్లలు పరిగెత్తుకొచ్చి తండ్రి చేతులు చూశారు, నెత్తురు ఉందేమోనని. చేతులు శుభ్రంగా ఉన్నాయి.

"తప్పింది," అన్నాడు డెల్, టోపీ మేకుకు తగిలిస్తూ.

మార్లిస్ గరిటె ఆపింది. "దూరమా?"

"దగ్గరే."

"పరిగెడుతోందా?"

"నిలబడే ఉంది."

"పక్కకి తిరిగేనా?"

"ఆఁ."

"ఇంకేం. ఈసారికి దాని మెళ్లో గంట కట్టి, కుర్చీ వేసి కూర్చోబెట్టమంటావా?"

పిల్లలు నవ్వారు. డెల్ కూడా నవ్వాడు. "కుర్చీ ఎందుకే, మనకున్నవే తక్కువ," అన్నాడు.

మార్లిస్ నవ్వలేదు. గిన్నెల్లో చారు పోస్తోంది. పిల్లల గిన్నెల్లో ముక్కలు వేసి, తన గిన్నెలో చారు నీళ్లే పోసుకుంది.

ఆర్విడ్ తన కుర్చీలో కూర్చున్నాడు. నిజం చెప్పడానికి అదే సమయం. మార్లిస్ ముందు మాట్లాడింది.

"అన్నయ్య వారమంతా కూర్చుని చేశాడు నీకోసం. ఒక్కొక్కటీ తూచి, కాల్చి... మట్టిపాలు చేసొచ్చావు. ప్రార్థనకి ముందు అన్నయ్యకి క్షమాపణ చెప్పు."

డెల్ లేచాడు. పిల్లలు చూస్తున్నారు. బల్ల అంచు పట్టుకుని, బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

"క్షమించు బావా. నీ కష్టం పాడుచేశాను."

ఆర్విడ్ ఆ మొహంలోకి చూశాడు. వెక్కిరింత కోసం వెతికాడు. ఉంటే దాన్ని పట్టుకుని నిలబడచ్చు. లేదు. పోనీ జాలి ఉంటే దాన్ని అసహ్యించుకోవచ్చు. అదీ లేదు. ఆ మొహంలో ఆకలి ఉంది. చారు చల్లారిపోతోందన్న తొందర ఉంది. అంతే.

వెధవ, అనుకున్నాడు. ఆ మాట ఎప్పటిలా డెల్ వైపు బయల్దేరింది. డెల్ దాకా వెళ్లలేదు.

"కూర్చోవోయ్," అన్నాడు చివరికి.

"అన్నయ్యా, ప్రార్థన చెప్పు," అంది మార్లిస్.

ఆ బల్ల దగ్గర పెద్దవాడు అతనే. అందరూ తలలు వంచారు. చేతులు కలిపారు. డెల్ చెయ్యి వచ్చి అతని చేతిని పట్టుకుంది. ముతక చెయ్యి. వెచ్చటి చెయ్యి.

"ప్రభువా..." అన్నాడు ఆర్విడ్.

ఆగాడు.

తర్వాతి మాట కోసం అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. చారు మీద ఆవిరి పలచబడుతోంది. చిన్న పిల్ల ఒక కన్ను తెరిచి మామయ్యను చూసింది.

బయట గాలి లేచింది. ఇంటి కప్పు మీద ఆఖరి సూదులు జల్లుగా పడ్డాయి.

గాలి ఆగింది.

ఒకటొకటిగా, ఇంకా రాలుతున్నాయి...