ఆగిన కొలత

రెబెకా సొంతూరు ఇటిక్యాలకు చేరేసరికి తమ్ముడు యేసుబాబును మట్టి చేసి వారం దాటింది.

విశాఖలో ఆమె ఉద్యోగం సముద్ర ప్రవాహాన్ని కొలవడం. బంగాళాఖాతంలో మన తీరం వెంట ఒక పెద్ద ప్రవాహం ఎండాకాలమంతా ఉత్తరానికి పారుతుంది, నైరుతి వానలు వెళ్లిపోయాక దక్షిణానికి తిరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని బలం మారుతోందా అన్నది తేలాలంటే, మధ్యలో ఒక్క ఏడూ తప్పకుండా కొలుస్తూ పోవాలి. అందుకని సముద్రం అడుగున బరువు దించి, దానికి కట్టిన తాడుకు యంత్రాలు బిగించి వస్తారు. ఏడాదికోసారి ఓడలో వెళ్లి వాటిని పైకి లాగి, లెక్కలు తీసుకుని, బ్యాటరీలు మార్చి మళ్లీ దించుతారు. పదేళ్లకు పైగా రెబెకా ఆ వరుస తెగనివ్వలేదు.

ఈసారి ఓడ బయల్దేరే ముందు యేసుబాబు కామెర్లు ముదిరి గద్వాల దవాఖానలో పడ్డాడు.

“వదినె, డాక్టరు భరోసా ఇస్తలేడు. జర వచ్చిపో,” అని అతని భార్య ఉష ఫోన్ చేసింది.

యేసుబాబు ఫోన్ అందుకున్నాడు. “నువ్వు పోయిరా అక్కా. నేనేడికి పోత?”

పుణెలో సిమెంటు తట్టలు మోసి అక్కను చదివించినవాడు. గొంతు వింటేనే తెలిసిపోయింది, అతను దాస్తున్నాడని. అయినా నమ్మినట్టే ఓడెక్కింది. యంత్రాలు పైకి లాగుతున్న పూటే అతను పోయాడని కబురందింది. ఓడ వెనక్కి తిరగదు. ఏడుస్తూనే బ్యాటరీలు మార్చి, యంత్రాలను మళ్లీ నీళ్లలోకి దించింది.

ఇప్పుడు ఉష ఇంటి ముందు మిరపకాయల తొడిమలు తీస్తోంది. రెబెకా పక్కన కూర్చుని ఉండగా ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్ వచ్చింది.

“ఈ కార్యక్రమం ఆపేస్తున్నామమ్మా. ఇప్పటిదాకా తెలిసింది చాలన్నారు. వచ్చే ఏడు ఓడ లేదు.”

“మొన్న దించినవి ఎట్లా సార్?”

“ఏం చేస్తాం. వదిలేయడమే.”

బ్యాటరీలు ఉన్నంతకాలం యంత్రాలు నీళ్ల కింద కొలుస్తూనే ఉంటాయి. ఆ లెక్కలు పైకి తెచ్చేవాళ్లే ఉండరు. రెబెకా ఫోన్ పక్కన పెట్టింది.

“ఏందంట వదినె?”

రెబెకా ఉన్నదున్నట్టు చెప్పింది. ఉష చేతులు ఆగాయి.

“అంటే, నువ్వు ఆ దినం పోకున్నా ఏం కాకపోతుండె.”

“అప్పుడు నాకు తెల్వదు ఉషా.”

“ఆయన సంగతి తెల్సుగద. నిన్ను ఒక్క మాటనలే. తలుపు చప్పుడైతే చాలు, అక్క వచ్చిందా అంటుండె. నేను వస్తది, వస్తది అనుకుంట అబద్ధాలు చెప్పిన.”

తను సముద్రం మీద ఎందుకుండాల్సి వచ్చిందో చెప్పడానికి ఇన్నేళ్లూ రెబెకా దగ్గర బోలెడన్ని మాటలుండేవి. ఇప్పుడు ఉష ముందున్న కుప్పలోంచి ఒక మిరపకాయ అందుకుని తొడిమ తీసింది.

మధ్యాహ్నం ఉష పళ్లెంలో అన్నం పెట్టి ఆమె ముందుంచింది. తను మాత్రం పక్కన కూర్చోకుండా లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.