మారోతి కాక తీర్పు

మారోతి లెక్కలో లోకంలోని బండ్లు రెండే జాతులు. ఒకటి డీజిల్ బండ్లు, రెండోది బొమ్మబండ్లు. నాందేడ్‌లో ఐటీఐ చౌరస్తా టీ బండి దగ్గర నిలబడి ఈ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇరవై తొమ్మిదేళ్లుగా చెబుతున్నాడు. ఇంజను మోత వింటే చాలు, ఏ భాగం ఏడుస్తోందో చెప్పేస్తానంటాడు. నిజానికి కిందటేడు రేడియేటర్ ఎండిపోయి బోనెట్ కింద నుంచి పొగ లేచేదాకా ఆయనకు ఏ ఏడుపూ వినిపించలేదు. ఆ ముక్క ఆయన చెప్పడు, ఆయన భార్య అనుసూయాబాయి చెబుతుంది.

అలాంటి మనిషికి డాక్టర్ మయూరి ఒక సోమవారం పరీక్ష పెట్టింది. మయూరి పిల్లల డాక్టరు, నలభై దాటాయి. ఆమెదీ మారోతిదీ నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ దగ్గర ఒకే పల్లె. మారోతి తండ్రి ఒకప్పుడు ఆమె తండ్రి చేనులో కూలి చేసేవాడు. ఎనిమిదేళ్లుగా మారోతి ఆమెకు డ్రైవరు.

"కాకా, మన డీజిల్ బండి ముసల్దయింది. కొత్తది కొనాలె," అంది మయూరి. "మళ్ల డీజిలే తీసుకుందామా, హైబ్రిడ్ తీసుకుందామా? మన పక్కింటి సూర్యకాంతన్న తిరుపతి పోతుండు, పది దినాలు ఆయన హైబ్రిడ్ మనకాడ ఇడిసిపోతడు. ఊర్ల నడుపు, ఒకపారి హైదరాబాద్ పోయొద్దాం. మన పాతదాంతోని సరిచూసి చెప్పు."

"నేనేదంటే అదేనా?"

"నువ్వు చెప్పిందే ఫైసలా."

మారోతి ఛాతీ రెండంగుళాలు పొంగింది. తీర్పు ఎప్పుడో అయిపోయింది, బండి రావడమే తరువాయి.

బండి వచ్చింది. మర్నాడు పొద్దున మారోతి కూర్చుని, బ్రేకు తొక్కి మీట నొక్కాడు. తెర మీద రంగురంగుల బొమ్మలు వెలిగాయి గానీ చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. బొమ్మలు ఆరిపోయాయి. అలా ఏడుసార్లు వెలిగించి ఏడుసార్లు ఆర్పాడు. చివరికి దిగి, బోనెట్ మీద చెయ్యి పెట్టి జ్వరం చూసినట్టు చూశాడు.

"బ్యాటరీ పాయె డాక్టరమ్మా! అన్న మనకు ఖరాబు బండి అంటగట్టిండు!"

మయూరి సంచీ పక్కన పెట్టి డ్రైవరు సీట్లో కూర్చుంది. బ్రేకు, మీట, గేరు కర్రను ఒక్కసారి కదిలించడం, అంతే. బండి పిల్లిలా గేటు దాకా పోయి ఆగింది.

"స్టార్టయ్యే ఉంది కాకా. మొదట్ల కరెంటు మీద నడుస్తది, మోత రాదు, ఎనక పెట్రోలింజను అందుకుంటది. క్లచ్చు లేదు, గేర్లు మార్చుడు లేదు. ఎంత అల్కగుంది!"

దిగుతున్నప్పుడు ఆమె మొహం ఉయ్యాల దిగిన పిల్ల మొహంలా ఉంది. అది చూసి మారోతి లెక్క వేసుకున్నాడు. క్లచ్చూ గేర్లూ లేని బండికి మారోతి ఎందుకు? యాభై ఎనిమిదేళ్ల డ్రైవరును కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? బ్యాటరీ పోయిందని అరిచిన డ్రైవరును అసలే పెట్టుకోరు. ఈ బండి కొంటే తన కొలువుకు నీళ్లొదులుకోవాల్సిందే. కాబట్టి ఈ బండి ఓడిపోవాలి.

ఓడించడానికి ఆయన ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేకపోయింది. ఎడమకాలు అలవాటుగా, అక్కడ లేని క్లచ్చు కోసం వెతికి బ్రేకును గట్టిగా తొక్కడంతో డాక్టరమ్మ సంచీ రెండుసార్లు ముందు సీట్లోకి ఎగిరివచ్చింది. దానికి తోడు పాత జీపుల నాటి క్రమశిక్షణ. భోకర్ రోడ్డు మీద సవారీ జీపులు నడిపిన రోజుల్లో ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం, పల్లం కనిపిస్తే న్యూట్రల్ కొట్టడం. బండి దానంతట అదే దొర్లుతుంది, డీజిల్ మిగులుతుంది. మారోతి ఆ పాఠాన్ని దేవుడి మాటలా పాటించాడు. గోదావరి వంతెన దిగేటప్పుడు న్యూట్రల్, సిగ్నల్ పడితే న్యూట్రల్, ఆవు అడ్డొస్తే న్యూట్రల్. తెర ఇంగ్లీషులో ఏదో మొత్తుకుంది. మొత్తుకోనీ అనుకున్నాడు.

గురువారం ట్యాంకు నింపి లెక్క చూస్తే లీటరుకు పదిహేను కిలోమీటర్లు. ఊళ్లో పాత డీజిల్ బండి ముక్కుతూ మూలుగుతూ పన్నెండు ఇస్తుంది. ఇంత ఆర్భాటానికి మూడు కిలోమీటర్లే ఎక్కువ! మారోతి ఆ సాయంత్రం టీ బండి దగ్గర అందరికీ తన ఖర్చుతో టీ పోయించాడు. అలాంటిది ఎన్నడూ జరగలేదు గనక టీ బండివాడు ఆయన ఆరోగ్యం అడిగాడు.

శుక్రవారం తిరుపతి నుంచి సూర్యకాంత్ ఫోన్ చేశాడు. "ఎట్లుంది కాకా నా బండి?"

"ఏముందన్నా, పదిహేనిస్తుంది."

"పదిహేనా? నాకు ఊర్ల ఇరవై రెండుకు తక్కువ రాదు. నువ్వు నడిపినవా, నూకినవా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మారోతి నేరుగా మెకానిక్ యోగేశ్ దగ్గరికి బండిని తోలుకుపోయాడు. యోగేశ్ పక్కన కూర్చుని రెండు సిగ్నళ్లు చూశాడు, మూడో సిగ్నల్ దగ్గర నెత్తి కొట్టుకున్నాడు.

"కాకా, న్యూట్రల్ల పెడితే దీని బ్యాటరీ నిండదు. పల్లంల దొర్లేటప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు చక్రాల తిరుగుడుకే కరెంటు తయారైతది. నువ్వు న్యూట్రల్ కొట్టి దాని నోట్లె ముద్ద గుంజుకుంటున్నవ్."

"నా ఉస్తాదు..."

"నీ ఉస్తాదు జీపుకు చెప్పిండు కాకా."

ఇంటికి వెళ్లి చెబితే అనుసూయాబాయి రొట్టె తిప్పుతూ నవ్వింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ. ఇరవై తొమ్మిదేండ్ల డ్రైవరువట!"

"ఈ సంగతి డాక్టరమ్మకు తెల్వదే. తెల్వకుంటే డీజిలే కొంటది. నా కొలువు ఉంటది."

ఆమె నవ్వడం మానేసింది. "నీ ఇష్టం," అంది. అనుసూయాబాయి నోట ఆ మాట వస్తే మన ఇష్టం చెల్లదని అర్థం.

మూడు రోజులు మారోతి ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని నడిపాడు, అది పోయి న్యూట్రల్ కొట్టకుండా. ఇరవై రెండు వచ్చింది. నమ్మబుద్ధి కాక బంకులో ఇంకోసారి నింపించి చూశాడు. బండి సిగ్గులేకుండా మళ్లీ ఇరవై రెండే ఇచ్చింది.

మంగళవారం డాక్టరమ్మతో హైదరాబాద్ పోయొచ్చాడు. నిజామాబాద్ దాటి పెద్ద హైవే ఎక్కాక మారోతికి ప్రాణం లేచొచ్చింది. నూరు వేగంలో హైబ్రిడ్ గొప్ప కూడా సగమైంది. ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉంది, లీటరుకు పద్దెనిమిదే. ఆ దారిలో పాత డీజిల్ కూడా అంతే ఇస్తుంది. లారీని దాటేటప్పుడు డీజిల్ ముందుకు లాగే లాగుడు దీనికి లేదు, గీపెట్టి గింజుకుంటుంది. అమ్మయ్య, అబద్ధం లేకుండానే డీజిల్ గెలిచే దారి దొరికింది! హైవే సంగతి గట్టిగా చెప్పాలి, ఊరి సంగతి గొంతులోనే మింగేయాలి.

బుధవారం సాయంత్రం ఆసుపత్రి ముందు, బండి పక్కన నిలబడి మొదలుపెట్టాడు. హైవే గురించి చెప్పినకొద్దీ చెప్పాడు. మయూరి ఓపికగా వింది.

"మరి ఊర్ల, కాకా? నేను నెలల ఇరవై ఎనిమిది దినాలు ఊర్లనే తిరుగుత గద."

పదిహేను అన్న అంకె నాలుక చివరకు వచ్చింది. అది అబద్ధం కూడా కాదు, మొదటి లెక్క అదే. కానీ ఆమె ఆయన మొహంలోకి చూస్తోంది, ఏం చెప్పినా నమ్మేలా చూస్తోంది. మారోతికి సిగ్గేసింది. మింగలేక, చివరికి కక్కేశాడు.

"ఇరవై రెండు. మొదట్ల పదిహేనే అచ్చింది. తప్పు బండిది గాదు బిడ్డా, నా చేతిది. న్యూట్రల్ కొట్టి కొట్టి దాన్ని ఉపాసముంచిన. నీకు హైబ్రిడే మంచిది." జేబులో తాళం తడుముతూ అన్నాడు. "ఇగ డ్రైవరు అక్కెర లేదు నీకు. గది గూడ చెప్తున్న."

మయూరి చేతిలోని సంచీ బండి మీద పెట్టింది.

"కాకా, నేను లైసెన్సు తీసుకొని రెండేండ్లయింది," అంది. "నీకు చెప్పలే. పొద్దుగాల్నే నీకోసం ఎదురుచూసుడు నాతోని కాకపోతుండె."

"మరి నేను డీజిలే అంటే?"

"డీజిలే కొంటుంటి. ఇంకో పదేండ్లు ఎనక కూసుంటుంటి."

మారోతికి కోపమొచ్చింది. "ముందుగాల్నే చెప్పద్దా? గీ పరీక్ష ఎందుకు నాకు?"

"ఎట్ల చెప్పాలె కాకా? మా ఇంటికి ట్రాక్టర్ అచ్చిన ఏడు, రేపటి సంది పనికి రావద్దని మా బాపు మీ నాయినకు చెప్పిండు. నేను గడపల నిలవడి విన్న. మీ నాయిన రుమాలు దులుపుకొని పోయిండు. ఆ మాట నా నోట్లకెళ్లి ఎట్లస్తది?"

మారోతి కోపం ఎటు పోయిందో పోయింది. తాను లేకపోతే డాక్టరమ్మ గేటు దాటలేదని ఎనిమిదేళ్లు టీ బండి దగ్గర చెప్పుకున్నాడు. తీరా చూస్తే ఆమెను ఆయన మోయడం లేదు, ఆయన్నే ఆమె మోస్తోంది. ఎంత పిచ్చోణ్ని, అనుకున్నాడు.

"హైదరాబాద్ మాత్రం నువ్వే తీస్కపోవాలె," అంది మయూరి, కళ్లు తుడుచుకుంటూ. "నెలకు రెండుమార్లు. ఆ లారీల నడుమ నాతోని కాదు."

"కాదు మరి. హైవే అంటే తమాషానా?" అన్నాడు మారోతి వెంటనే. ఆ మాత్రం బింకం పోవడానికి ఇంకా టైము పడుతుంది.

"రా కాకా, ఇంటికాడ దించుత."

ఆయన జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి పోయి, ఆమె అప్పటికే అక్కడ ఉండటంతో వెనక్కి తిరిగాడు. ముందు పక్క సీటు నిండా ఫైళ్లు, మందుల డబ్బాలు. వెనక తలుపు తీసి, ఆమె రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు. బండి చప్పుడు లేకుండా కదిలింది.

మారోతి రోడ్డు చూద్దామని మెడ సాచాడు. రోడ్డు కనిపించలేదు. ముందు సీటు, దాని మీద డ్రైవరు తల, అంతే. ఎనిమిదేళ్లు ఆ పిల్ల చూసింది తన బట్టతలనే అన్నమాట. ఒక్కసారైనా జరగమని అడగలేదు.

"ఏమైంది కాకా, గట్ల మెడ సాపుతున్నవ్?" అద్దంలో చూస్తూ అడిగింది మయూరి.

"ఏంలేదు బిడ్డా. నువ్వు ముందటికి చూసి నడుపు," అని మారోతి కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.