మండలి ఇంట్లో మైసమ్మ

మహిళా మండలి ఇంటి తలుపు తోయగానే సుక్కమ్మ కాళ్ల ముందు కోసిన పొట్టేలు తల కనిపించింది. దాని వెనక, కాన్పుల మంచం ఉండాల్సిన మూలలో, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన మోకాలెత్తు రాయి నిలబడి ఉంది. మంచాన్ని ఎవరో గోడకు నిలబెట్టారు.

నీళ్ల బిందెతో వెనకే వచ్చిన కృష్ణమ్మ గడప అవతలే ఆగి చెప్పులు విడిచింది.

"మైసమ్మ వెలిసిందక్కా. ఇగ గీ ఇంట్ల పురుడు పోయరాదు."

"వెలిసే తల్లి మంచం లేపి గోడకు ఆనిచ్చి మరీ వెలిసిందా?"

"గట్ల అనకు, కండ్లు పోతయి."

సుక్కమ్మకు కండ్ల భయం కన్నా కూతురి భయం ఎక్కువగా ఉంది. బీరమ్మకు నెలలు నిండాయి. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. హాలియా ఆసుపత్రి నుంచి నర్సు బయలుదేరింది.

ఆ ఇల్లు ఊరికే లేవలేదు. సాగర్ డ్యాం పనులు మొదలైన రోజుల్లో బ్లాకు ఆఫీసు గ్రామసేవిక వచ్చి మండలి పెట్టుకొమ్మంటే మగవాళ్లు నవ్వారు. అంతకు ముందే సుక్కమ్మ పెద్దకూతురు గోపమ్మ గొర్రెల కొట్టంలో, పెంటికలు ఊడ్చిన నేల మీద, కాన్పు కాక చచ్చిపోయింది. ఇల్లు మైలపడకూడదని పురుడు అక్కడే పోసేవారు. దినాలు కాగానే సుక్కమ్మ మట్టితట్ట ఎత్తింది. గొర్రెలు కాసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు ఆమె వెంట వచ్చి గోడలు పెట్టారు. పనికిరాని జాగా కదా అని పటేలు కాదనలేదు. కుట్టుమిషను వచ్చింది, రేడియో వచ్చింది, ఆ తర్వాత ఇనుప మంచం వచ్చింది. ఆ మంచం మీద పుట్టిన పిల్లలే ఇప్పుడు వీధి నిండా.

తీరా కాల్వలో నీళ్లు పారాక, ఆడవాళ్లు ఆ ఇంట్లోనే కూర్చొని నాటుకూలి తేల్చుకుని, ఆ తర్వాతే పటేలు మడిలో దిగారు. పటేలు నవ్వు అప్పుడు ఆగింది.

సుక్కమ్మ రాయి మీద చెయ్యి వేయబోయింది. కృష్ణమ్మ ఆపింది.

"నువ్వు తీసినా ఏ ఆడది గా మంచం మీద పండది. నిలిపిన చేతులే తీయాలె. అప్పుడే అది ఉత్త రాయని ఊరు నమ్ముతది."

సుక్కమ్మ కూలబడి పొట్టేలు తలను అటూ ఇటూ తిప్పింది. కుడి చెవి మొదలుకంటా కోసేసి ఉంది.

ఊళ్లో ఏ మందకు ఆ మందకు చెవికోత గుర్తు ఉంటుంది. అందరి గుర్తూ ఎడమ చెవికే. కుడి చెవికి గాటు పెట్టే మంద ఒక్కటే; ఆ గుర్తు దాచడానికే చెవి కోసేశారు. పోనీ ఎవరో ఆ మందలోంచి ఎత్తుకొచ్చారనుకుందామన్నా, మైసమ్మకు దొంగజీవాన్ని ఇవ్వడానికి ఏ కాపరికీ చెయ్యి రాదు.

ఆమె ఇంటికి నడిచింది. గొర్రెల కొట్టంలో ఆమె మొగుడు దుర్గయ్య వంగి నేల ఊడుస్తున్నాడు.

"నల్లమూతి పొట్టేలు ఏది?"

"తోడేలు ఎత్తుకపోయింది."

"చెవి కోసి, తల తెచ్చి మండలి ఇంట్ల పెట్టింది గా తోడేలేనా?"

చీపురు ఆగింది. ఇంట్లోంచి బీరమ్మ మూలుగు వినిపించింది.

"నడువయ్యా. నలుగురి ముందర రాయి తియ్యి. మంచం నేనేసుకుంట. ఒక బిడ్డను గీ నేల మీదనే పోగొట్టుకున్నం."

దుర్గయ్య నడుం ఎత్తలేదు. తల వంచుకునే మాట్లాడాడు.

"నేనే పెట్టిన సుక్కా. మీ మండలి బందైతే గుట్టెనక బీడు నా మందకు ఇడుస్తనన్నడు పటేలు. కాల్వొచ్చినంక గొర్రె మూతి పెట్ట జాగ ఏడున్నది? వాగుల రాయి నేనే మోసుకొచ్చిన, నేనే పసుపు పూసిన. అప్పటిదాంక అది రాయే. పరాయి జీవాన్నిస్తే తల్లి ఊకోదని మందల మంచి పొట్టేలునే ఇచ్చిన. నెత్తురు పడంగనే నాకు తెల్వకనే మొక్కిన. తల్లి నిజంగనే వచ్చింది. చెప్పుమంటే ఊరందరికి చెప్త. తియ్యుమంటే మాత్రం నాతోని కాదు. బిడ్డను ఈడికే తీస్కరా. నేను ఊడ్సి పెట్టిన."