వాకిలి కాడ ఆడబిడ్డ

ధర్మవరంలో మురళి వాళ్ళ వీధిలో తాళి కట్టడం ఒక ఎత్తు, కొత్త జంట ఇంటి గడప తొక్కడం ఇంకో ఎత్తు. ఆడబిడ్డ వాకిలికి అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరి చేత చెప్పించి గానీ లోపలికి వదలదు.

మురళికి ఉన్నది ఒక్కతే అక్క, మంజులత. మూడేళ్ళప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడింది. మగ్గం గుంతలో దిగి తొక్కే పని కుదరదని పోగులు అతికే పని నేర్చుకుంది. మగ్గం మీద నిలువుగా సాగే పాత పడుగు చివర్లకు కొత్త పడుగు పోగుల్ని, వెంట్రుకంత సన్నవాటిని, వేలకు వేలు ఒక్కొక్కటే వేళ్ళతో మెలేసి కలపాలి. ఆ వేళ్ళ చలవతోనే మురళి డిగ్రీ చదివాడు, హిందూపురంలో ఆఫీసు పనికి కుదిరాడు. అక్కంటే వాడికి ప్రాణం.

ప్రాణం గనకే, పెనుకొండలో పెళ్ళి మంటపం పై అంతస్తులో ఉందని తెలియగానే, "ఆ మెట్లు నువ్వెక్కలేవులే అక్కా. ఇంటి కాడే ఉండు. మేమే వస్తాము కదా" అన్నాడు.

ఆమె వేళ్ళు పోగు మీద ఆగాయి. తర్వాత నవ్వింది. "సరేలేప్పా. ఈడ వాకిలి కాడ నేనుంటా. పెండ్లాం పేరు చెప్పందే వదిలేదిల్ల. గొంతు సవరించుకోని రా."

పెళ్ళినాటి మధ్యాహ్నం మురళి, పెళ్ళికూతురు దీపిక కారు దిగేసరికి మంజులత వాకిట్లో ఉంది. వంకాయరంగు పట్టుచీర, తలనిండా కనకాంబరాలు. చేతికర్ర పక్కన పెట్టేసి, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడింది.

"ఏమప్పా, ఎవర్ని పిల్చుకోనొస్తాండావు? పేరు చెప్పు!"

జనం గొల్లున నవ్వారు. మురళి చూపు మాత్రం అక్క కాలి మీద పడింది. కాలు వణుకుతోంది. నుదుట చెమట పట్టింది.

"అయ్యో, అక్కనెందుకు నిలబెట్టినారు? కుర్చీ తెండి!" అని కేకేశాడు.

"వద్దురా, నేను..."

మిగతా మాట మేళంలో కలిసిపోయింది. మేనత్త కొడుకులిద్దరు వచ్చి, బియ్యం మూటను ఎత్తినట్టు చంకల కింద చేతులేసి ఎత్తి, ఆమెను పక్కన ఫ్యాను ముందున్న కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్నాయన కూతురు పద్మజ ఎగిరొచ్చి వాకిట్లో నిలబడింది. "నేనూ ఆడబిడ్డనే. చెప్పు వదినా, సిగ్గుపడితే రాత్రిదాకా ఈడనే!" పేర్లు చెప్పారు, చప్పట్లు కొట్టారు, కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళారు. మంజులత తలవంచుకుని, చెదిరిన కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉండిపోయింది. అక్కకు ఫ్యాను గాలి తగులుతోందని మురళి సంతోషించాడు.

సాయంత్రం దీపిక అడిగింది. "వాకిలి కాడ ముందు నిలబడింది మీ అక్కే కదా? వద్దంటానే ఉంటే ఎత్తేసినారే?"

"పాపం, కాలు నొస్తుందని..."

"నొస్తాండాదని ఆమె చెప్పిందా?"

మురళి అమ్మ వైపు చూశాడు. చాపలు చుడుతున్న అమ్మ తలెత్తకుండానే అంది. "నెల నుంచి పొద్దున్నే లేచి వాకిలి పట్టుకోని నిలబడేది రా. పేర్లు చెప్పేంతసేపు నిలబడితే చాలుమా, అనేది."

తెల్లారి మురళి వెళ్ళేసరికి అక్క మగ్గం దగ్గర కూర్చుని పోగులు అతుకుతోంది.

"అక్కా, తప్పయింది. ఇప్పుడే మేమిద్దరం బయటికి పోయి మళ్ళా వస్తాము. నువ్వు నిలబడు."

"ఇంట్లోకొచ్చిన పిల్లను మళ్ళా బయటికి పంపిస్తారా ఎవరైనా? డిగ్రీ చదివినావు, ఆ మాత్రం తెలీదా?" ఆమె వేళ్ళు ఆగలేదు. "కాలు వణికితే వణికింది. వణుకుతానే నిలబడుండేదాన్ని. మెట్లెక్కగలనా లేదా అనీ అడగలేదు నువ్వు. పాక్కుంటానైనా వచ్చుండేదాన్ని, నీ పెండ్లికి."

మురళి ఆమె వేళ్ళనే చూశాడు. అక్కడే నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె పని ఆపి, లేవడానికి కర్ర అందుకుంది. మురళి చెయ్యి దానంతటది ముందుకు పోయింది. సగంలో ఆపుకున్నాడు.

"పట్టుకోనా అక్కా?"

"వద్దు" అంది.

గోడకు ఒక చెయ్యి ఆనించి, నేలకు కర్ర మోపి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ప్రయత్నించి లేచింది. అంతసేపూ మురళి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.