నీళ్ళ ఎలుకల హుషారు

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళను లోకం వెక్కిరిస్తుంది. మా ఆవిడ ఎలుకలను పట్టుకుని కొండను తవ్వుతోంది. ఆ కొండ పేరు దిగులు. దానికి కొత్త మందు కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. తడి పొట్టు మీద పడుకోబెట్టి, పంజరం ఓ పక్కకు వంచి, ముందు ఎలుకలకు బెంగ పుట్టిస్తుంది. ఆనక సగానికి మందు చుక్కలు, సగానికి ఉత్త నీటి చుక్కలు వేసి, ఏవి తేరుకుంటాయో చూస్తుంది.

"బెంగ పుట్టించడంలో నీది అందెవేసిన చెయ్యిలే," అన్నానోసారి.

"మీ మీదేగా సాధన చేశాను."

ఆ సాయంత్రం ఇంటికి తీసుకెళ్దామని ల్యాబుకు వెళ్తే మొహం వేలాడేసుకుని ఉంది. బెంగ తీరని ఎలుకను వెడల్పాటి పెట్టెలో వదిలితే గోడ వదలదు. తీరినది మధ్యకొస్తుంది. ఇక్కడ మందు తాగినవీ నీళ్ళు తాగినవీ కలిసి నడిమధ్యన షికార్లు చేస్తున్నాయట.

"అయితే మందు మందగించిందన్నమాట."

"రేపు మా ల్యాబు పెద్దాయన దీన్ని అటకెక్కిస్తారండీ. ఇన్నేళ్ళ పని," అంది. నా శ్లేషను నేనే మింగేశాను.

ఆఖరి చుక్కలు వేసి వస్తానంది. అద్దం ఇవతల నుంచి చూస్తున్నాను. మందు ఎలుకలకు చకచకా వేసేసింది, మాటా పలుకూ లేదు. నీళ్ళ ఎలుకల దగ్గర చెయ్యి నెమ్మదించింది. ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని వీపు నిమురుతోంది. "మీకు ఉత్త నీళ్ళే కదురా నాన్నా. మీరేం పాపం చేశారు?"

తలుపు తీశాను. "నాకూ రోజూ ఉత్త నీళ్ళిచ్చి ఇలా నిమరకూడదుటోయ్? మందూ మాకూ లేకుండా బాగుపడతాను."

ఆవిడ చేతిలోని ఎలుకను చూసింది, నీళ్ళ సీసాను చూసింది. తర్వాత స్టూలు మీద కూలబడింది. "ఏ సీసా దేనికో నాకు తెలియకూడదండీ. నేనే కలిపి, నేనే పోశాను. జాలిపడి వాటినీ నేనే బాగుచేసేశాను."

పొద్దున్నే పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రెండు మందులు పరీక్షించావన్నమాటమ్మా. ఒకటి సీసాలో, ఒకటి నీ చేతిలో. రెండోది అమ్మలేం. మొదటిదాన్ని మళ్ళీ చూద్దాం."

ఈసారి సీసాల గుట్టు ఆయన దగ్గరే ఉంచుకున్నాడు. ఎలుకలన్నిటికీ ఒకే మర్యాద, ఒకే మౌనం. చివరికి గుట్టు విప్పితే, మధ్యకొచ్చినవి మందువి, గోడ వదలనివి నీళ్ళవి.

గెలిచిన మనిషి గెంతాలి కదా. మా ఆవిడ తిన్నగా నీళ్ళ ఎలుకల దగ్గరికెళ్ళింది. "లెక్క తేలిపోయింది. ఇప్పుడు రండర్రా," అంటూ అరచెయ్యి చాపింది.

అద్దం ఇవతల నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను, నా వంతు ఎప్పుడొస్తుందా అని.