కుంకుమ బొట్టు బంతి

సూర్యాపేటలో పదిహేనేళ్లుగా పెళ్లిళ్ల ఫొటోలు తీస్తున్నాను. పంతులును పక్కకు జరిపి, పెళ్లికొడుకు చేత తాళికి రెండో ముడి మళ్లీ వేయించినవాణ్ణి. నా కెమెరా ముందు కదిలే ధైర్యం ఇంతవరకు ఎవరికీ లేదు. అలాంటి నన్ను మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని రాఘవేంద్ర గారు బేస్‌బాల్ ఫొటోలకు పిలిపించారు.

మూడు ఊళ్ల బేస్‌బాల్ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. తండ్రి పేరు మీద ఆడపిల్లలకు కప్పు పెట్టారు. సూర్యాపేట, కోదాడ ఫైనల్‌కు వచ్చాయి. ఇందులో బాగా ఆడినవాళ్లకే రాష్ట్ర జట్టులో చోటని మైకులో చెప్పారు. బంతికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ బంతి పట్టుకుని ఆయన పద్దెనిమిది ఫొటోలు దిగారు. అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి.

ఆట మొదలయ్యాక నా పరువు పోయింది. పెళ్లిళ్లలో వేగంగా కదిలేది భోజనాలకు లేచే జనం ఒక్కటే. ఇక్కడ ఆడపిల్లలు నేను కెమెరా ఎత్తేలోపే బంతి పట్టి విసిరేస్తున్నారు. తెర మీద చూస్తే మసక తప్ప మనిషి లేదు.

రాఘవేంద్ర గారు వచ్చి తొంగి చూశారు. “గిదేంది నాగేందర్? కాళ్లున్నయి, తలకాయ లేదు.”

“ఉరుకుతున్నరు సార్.”

“జర ఆగుమని చెప్పు. ముఖం కనబడకపోతే ఫ్లెక్స్ ఎట్ల ఏస్తం?”

ఆఖరి ఘట్టం వచ్చింది. సూర్యాపేట ఒక్క పరుగు ముందుంది. కోదాడ పిల్ల కొట్టిన బంతి పైకి లేచింది. అది పట్టుకుంటే సూర్యాపేట గెలిచినట్టే. దాని కింద పరుగెడుతున్నది మా జట్టు పిల్ల, చివ్వెంల ఊరి సంతోషి. గొర్రెలు కాసే ఇంటి పిల్ల. పోయినేడు వాళ్లక్క స్వరూప పెళ్లికి నేనే ఫొటోలు తీశాను. సంతోషి సరిగ్గా బంతి కిందికి చేరి గ్లవ్ ఎత్తింది.

నా నోరు ఊరుకుంటేనా.

“సంతోషీ, ఇటు సూడు. జర నవ్వు.”

అక్క పెళ్లిలో రెండు రోజులు అదే మాట విన్న పిల్ల. తిరిగి చూసింది, నవ్వింది కూడా. బంతి ఆమె వెనకాల నేల మీద పడింది. కోదాడ వాళ్లు రెండు పరుగులు తీసి కప్పు ఎత్తుకుపోయారు.

వాళ్ల కోచ్ జవహర్ వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. “మా తొమ్మిది మంది జట్టులో పదో ఆటగాడు మీరేనండీ.”

సంతోషి గ్లవ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దగ్గరికి పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. రాష్ట్ర జట్టు లిస్టు చదివారు, అందులో ఆమె పేరు లేదు.

ఫొటో మాత్రం అద్దంలా వచ్చింది. రాఘవేంద్ర గారు మురిసిపోయారు. “ఇది ఫొటో అంటే. గ్లవ్వుల బంతి ఒక్కటి పెట్టు.”

“పిల్ల బంతి పట్టలేదు సార్. నేను పిలిస్తే ఇటు సూసింది. తప్పు నాది.”

“పట్టలేదని ఎందరు సూసిన్రు?”

“నాలుగు వందల మంది.”

“ఫ్లెక్స్‌ను నాలుగు వేల మంది సూస్తరు.”

ఆయన దిగిన ఫొటోలోంచి చేతిలోని బంతినే కత్తిరించి ఆమె గ్లవ్‌లో అతికించాను. మూడు ఊళ్ల బస్టాండ్లలోనూ ఫ్లెక్సులు లేచాయి. మూడో రోజు ఆయనే ఫోన్ చేశారు. “ఫ్లెక్స్ మీదున్న పిల్ల లిస్టుల లేకపోతే నలుగురు నన్ను సూసి నవ్వుతరు. పేరు ఎక్కించిన. ఫారానికి ఫొటో తీసి పంపు.”

మర్నాడు సంతోషి స్టూడియోకు వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. నేను కెమెరా ఎత్తాను, ఇటు చూడమనబోయి నోరు మూసుకున్నాను.

“ఫ్లెక్స్ మీది బంతికి కుంకుమ బొట్టుంది అన్నా,” అంది.

“సార్ చేతిలది.”

“నా బంతి నేను పట్టేదాన్నే.”

“అవునమ్మా. నేనే పిలిచి చెడగొట్టిన.” ఆ మాట ఆమెతో అనడానికి నాకు నాలుగు రోజులు పట్టినందుకు సిగ్గేసింది.

సూటిగా కెమెరాలోకి చూసింది. ఈసారి నవ్వలేదు.

“రాష్ట్ర పోటీలకు నువ్వు రాకు అన్నా. గాడ పట్టి సూపిస్త.”